న్యాయ సలహా: పవర్ ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం డెబ్బై దాటిన పెద్దలో, వారి పిల్లలో రాసినవే. ఇల్లు, పొలం, బ్యాంకు పనులు ఒంటరిగా చూసుకోలేని స్థితి వచ్చినప్పుడు ఎవరిని నమ్మి పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) ఇవ్వాలన్నదే దాదాపు అందరి సందేహం. అందుకని ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయించాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి గుర్తింపు తెలియకుండా ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 74. టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయారు. కాకినాడలో డాబా ఇల్లు ఉంది, పై పోర్షన్ అద్దెకిచ్చాను. ఊళ్లో ఎకరన్నర పొలం కౌలుకిచ్చాను. బ్యాంకులో కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో ఉంటారు. మా తమ్ముడి కొడుకు ఇక్కడే ఉండి నా పనులన్నీ చూస్తున్నాడు. "ప్రతిదానికీ నువ్వు తిరగలేవు అత్తా, నా పేర జనరల్ పవర్ రాసెయ్" అంటూ డాక్యుమెంట్ రైటరు చేత ముసాయిదా కూడా రాయించి తెచ్చాడు. వాడు మంచివాడే. సంతకం చెయ్యమంటారా?

జవాబు: అమ్మా, మీరు జతపరిచిన ముసాయిదాను పూర్తిగా చదివాను. ఆ కాగితం మీద ఇప్పుడున్నది ఉన్నట్లుగా సంతకం చేయవద్దు. మీ మేనల్లుడి మంచితనాన్ని శంకించి ఈ మాట చెప్పడం లేదు. మీకు అవసరమైన పనులు నాలుగైతే, ఆ కాగితం నలభై పనులకు అధికారం ఇస్తోంది. అందులోని మూడు వాక్యాలను మీరు మళ్లీ ఒకసారి చదవాలి.

మొదటిది, "నా స్థిరాస్తులను విక్రయించుటకు, తనఖా పెట్టుటకు, దానము చేయుటకు, ప్రతిఫలము పుచ్చుకొనుటకు" అన్నది. అద్దె వసూలు చేయడానికి, పన్ను కట్టడానికి ఈ అధికారాలలో ఏదీ అక్కర్లేదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అమ్మకపు ఒప్పందం, వీలునామా కలిపి రాసుకున్నంత మాత్రాన కొన్నవారికి హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది కాబట్టి పవర్ ఇస్తే పోయేదేమీ లేదని చాలామంది ధీమాగా ఉంటారు. అది సగం నిజమే. పవర్ పుచ్చుకున్నవాడు దానితో తానే యజమాని కాలేడు గాని, అమ్మే అధికారం అందులో ఉంటే మీ తరఫున మూడో మనిషికి రిజిస్టర్డ్ దస్తావేజు రాసివ్వగలడు, ఆ అమ్మకం మిమ్మల్ని కట్టిపడేస్తుంది.

రెండవది, "ఈ పవరు రద్దు చేయుటకు వీలులేనిది" అన్నది. ఈ మాట రాసినంత మాత్రాన పవరు రద్దు కానిది అయిపోదు. ఆ ఆస్తిలో ఏజెంటుకు, అంటే పవర్ పుచ్చుకున్నవారికి, స్వంత ప్రయోజనం ఉన్నప్పుడు మాత్రమే, ఆ ప్రయోజనానికి భంగం కలిగేలా రద్దు చేయకూడదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ చెబుతుంది. డబ్బు పెట్టుబడి పెట్టి మీ స్థలంలో అపార్ట్‌మెంట్ కట్టే బిల్డరుకు అటువంటి ప్రయోజనం ఉండవచ్చు. అద్దెలు వసూలు చేసిపెట్టే మేనల్లుడికి ఉండదు. అయినా ఆ వాక్యం కాగితంలో ఉంటే రేపు రద్దు చేయదలచినప్పుడు మిమ్మల్ని బెదరగొట్టడానికి పనికొస్తుంది. కొట్టివేయించండి.

మూడవది, ఏజెంటు తనకు బదులుగా ఇంకొకరిని నియమించుకోవచ్చునన్నది. మీరు నమ్మింది మీ మేనల్లుడిని. అతడు రేపు ఎవరిని నమ్ముతాడో వారిని కూడా మీరు ఈరోజే నమ్మినట్లవుతుంది. అదీ తీసివేయించాలి.

వీటికి బదులు, ఫలానా పనులకే పరిమితమయ్యే స్పెషల్ పవర్ రాయించుకోండి. పై పోర్షన్ అద్దె వసూలు చేసి మీ ఫలానా ఖాతాలో జమ చేయడం, ఇంటి పన్ను, కరెంటు బిల్లు కట్టడం, కౌలు రైతుతో లెక్క చూసుకోవడం, రెవెన్యూ, మున్సిపల్ ఆఫీసులలో మీ తరఫున అర్జీలు పెట్టడం అని పనులను పేరుపేరునా రాయించండి. అమ్మకం, తనఖా, దానం, అప్పు తేవడం, డిపాజిట్లు గడువుకు ముందే తీయడం ఈ పవరులోకి రావని విడిగా ఇంకొక వాక్యం రాయించండి. రెండేళ్ల కాలపరిమితి పెట్టండి. అవసరమైతే పొడిగించుకోవచ్చు. మూడు నెలలకొకసారి రాతపూర్వకంగా లెక్క చూపాలని, దాని ప్రతిని మీ అమ్మాయికి పంపాలని చేర్చండి. అడిగినప్పుడు లెక్క చెప్పవలసిన బాధ్యత ఏజెంటుకు చట్టం ప్రకారమే, అంటే కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం, ఉంది. కాగితంలోనూ రాసి ఉంటే అడగడానికి మీకు మొహమాటం ఉండదు.

ఇక మనిషి సంగతి. నా అనుభవంలో పెద్దవాళ్లు ప్రేమను చూసి పవర్ ఇస్తారు. చూడవలసింది లెక్క చెప్పే అలవాటును. ఇప్పటివరకు ఆయన మీ పన్నులు కట్టినప్పుడు రసీదు మీరు అడగకముందే తెచ్చి ఇచ్చాడా, లేక "కట్టేశాలే అత్తా" అని ఊరుకున్నాడా? అద్దె డబ్బులో రిపేరుకు ఖర్చుపెట్టినప్పుడు బిల్లు చూపించాడా? ఈ ముసాయిదాను ఒక వారం ఇంట్లో ఉంచుకుంటాను, అమ్మాయికి చూపిస్తాను అని మీరన్నప్పుడు "నా మీద నమ్మకం లేదా" అని నొచ్చుకున్నాడా, సరేనన్నాడా? వీటిలో చివరి ప్రశ్నకు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. మీ కూతురితోనో, మీ వకీలుతోనో మీరు ఒంటరిగా మాట్లాడుకోవడం ఇష్టంలేని మనిషికి ఏ పవరూ ఇవ్వకూడదు.

అప్పుల్లో ఉన్నవారికి, వ్యాపారంలో డబ్బు తిప్పుకోవలసిన ఒత్తిడి ఉన్నవారికి ఇవ్వవద్దు. వారు చెడ్డవారని కాదు. వచ్చే నెల సర్దేద్దామన్న ఉద్దేశంతోనే చాలా దుర్వినియోగాలు మొదలవుతాయి. మీ ఇంట్లో అద్దెకున్నవారికి, మీ పొలం కొనాలని మనసులో ఉన్నవారికి ఇవ్వవద్దు. మీకంటే పెద్దవారికో, ఆరోగ్యం బాగాలేనివారికో కూడా వద్దు, ఏజెంటు మరణంతో పవరు ముగిసిపోతుంది. వారసుడే కావాలన్న నియమం కూడా ఏమీ లేదు. ఆ మాటకొస్తే, తల్లి వైద్యానికి పెట్టే ప్రతి రూపాయినీ రేపటి తన వాటాలో తగ్గే రూపాయిగా లెక్కవేసుకునే కొడుకు కన్నా, బ్యాంకులో పనిచేసి రిటైరైన నమ్మకమైన స్నేహితురాలు మేలు. మీ విషయంలో నాకు తోచినది ఇది: పనులు మేనల్లుడు చేయాలి, లెక్క మీ అమ్మాయి చూడాలి. ఎప్పుడైనా అమ్మకం నిజంగా అవసరమైతే ఆ ఒక్క ఆస్తికి, ఇద్దరూ కలిసి సంతకం చేస్తేనే చెల్లేలా మరో పవర్ రాసివ్వండి.

సంతకానికి ముందు మూడు నెలలు పన్నులు, అద్దె పనులను ఏ కాగితమూ లేకుండానే అప్పగించి చూడండి. నష్టం వచ్చినా చిన్నదే వస్తుంది, మనిషి తీరు మాత్రం తెలుస్తుంది.

మీ ఉత్తరం చివర ఏటీఎం కార్డు, పిన్ నంబరు మేనల్లుడి దగ్గరే ఉన్నాయని, ఓటీపీ వచ్చే ఫోను కూడా తరచూ ఆయన చేతిలోనే ఉంటుందని రాశారు. జీపీఏ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం అదే. అది హద్దులు, గడువు, లెక్క ఏవీ లేని పవరు. రేపే పిన్ మార్పించండి. 70 ఏళ్లు దాటిన ఖాతాదారులకు ఇంటి వద్దే నగదు, చెక్కు పుస్తకం వంటి కనీస సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. మీ బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌ను ఇంట్లోనే ఫోనుతో ముఖ గుర్తింపు ద్వారా ఇవ్వవచ్చు.

పవరును రిజిస్ట్రేషన్ పనులకు వాడవలసి వస్తే నోటరీ కాగితం సరిపోదు. మీరు నివసించే పరిధిలోని సబ్ రిజిస్ట్రారు ఎదుట సంతకం చేసి ధ్రువీకరణ పొందాలి. మెట్లు ఎక్కలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి సంతకం తీసుకునే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఇంటి అసలు దస్తావేజులు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. పనికి సర్టిఫైడ్ నకలు చాలు.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 81. గుంటూరులో ఉంటారు. ఏడాదిగా జ్ఞాపకశక్తి తగ్గుతోంది, న్యూరాలజిస్టు డిమెన్షియా మొదలైందన్నారు. కొన్ని రోజులు చక్కగా మాట్లాడతారు, కొన్ని రోజులు నన్ను కూడా గుర్తుపట్టరు. ఇప్పుడే ఆయన చేత నా పేర పవర్ రాయించుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదని బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ బంధువులు చెబుతున్నది అమెరికా, ఇంగ్లండు వంటి దేశాల పద్ధతి. మన దేశంలో పవర్ ఇచ్చినవారికి మతి స్థిమితం తప్పితే ఆ పవరు ముగిసిపోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అంటే ఏ రోజు కోసం మీరు ఆ కాగితం రాయించుకోవాలనుకుంటున్నారో ఆ రోజున అది చెల్లదు. ఆ తర్వాత ఏజెంటుకు మిగిలేది, అప్పటివరకు తన చేతిలో ఉన్న వ్యవహారాలు పాడవకుండా కాపాడవలసిన బాధ్యత మాత్రమే. నాన్నగారి పరిస్థితి దాచిపెట్టి ఆ పవరుతో స్థలం అమ్మితే కొన్నవారు, మీరు, మీ తోబుట్టువులు అందరూ కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

అయితే వ్యాధి పేరు రాగానే ఆయన సంతకానికి విలువ పోయిందని కూడా అనుకోవద్దు. స్థిమితం తప్పుతూ వస్తూ ఉండే మనిషి, స్థిమితంగా ఉన్న సమయంలో చేసిన ఒప్పందం చెల్లుతుందని 12వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆయన బాగున్న రోజులలో, ఆయన ఇష్టప్రకారం, చేయదగ్గవి చేయండి. విషయం అర్థమై నిర్ణయం తీసుకోగలుగుతున్నారని అదే రోజు వైద్యుడి చేత సర్టిఫికెట్ తీసుకోండి, తోబుట్టువులందరికీ ముందే చెప్పండి. బ్యాంకు ఖాతాలను, డిపాజిట్లను అమ్మగారి పేరు కలిపి "ఇద్దరిలో ఎవరైనా లేక బతికున్నవారు" పద్ధతికి మార్చుకుంటే ఇంటి ఖర్చులకు పవర్ అవసరమే ఉండదు. వీలునామా రాయదలిస్తే ఇప్పుడే రాయాలి. ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో ఒకరు వైద్యుడైతే మంచిది.

వైద్యం సంగతి పవరులోకి రాదు. మానసిక ఆరోగ్య చికిత్స విషయంలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిని 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి నియమించుకోవచ్చు. కోలుకునే ఆశ లేని దశలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స కావాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టుకునే వీలును సుప్రీంకోర్టు 2018లో ఇచ్చింది, 2023లో ఆ విధానాన్ని సులభం చేసింది. ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. ఇవి నాన్నగారి మనసులో ఏముందో అడిగి తెలుసుకుని చేయవలసినవి.

ఆయన పూర్తిగా నిర్ణయ శక్తి కోల్పోయాక ఆస్తి అమ్మి వైద్యం చేయించవలసి వస్తే హైకోర్టులో రిట్ వేసి సంరక్షకుడిగా నియమించమని కోరాలి. కోమాలో ఉన్నవారి విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యుల నివేదిక, వారసుల వివరాలు, ఆస్తుల జాబితా కోర్టు ముందుంచి, అనుమతించిన మేరకే వ్యవహరించి లెక్కలు సమర్పించాలి. ఖర్చుతో, సమయంతో కూడుకున్నదే. అయినా తోబుట్టువులు నలుగురూ సమ్మతి పత్రాలు ఇస్తే సాఫీగా నడుస్తుంది.

ప్రశ్న: నేను, నా భార్య ఇద్దరం డెబ్బై దాటినవాళ్లం. పవర్ గొడవలెందుకు, ఇల్లు నా పేర గిఫ్ట్ రాసెయ్యండి, మిమ్మల్ని నేనే చూసుకుంటాను అని మా పెద్దబ్బాయి అంటున్నాడు. రాయవచ్చా?

జవాబు: పవరును ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. గిఫ్ట్ రాసి స్వాధీనం చేశాక వెనక్కు రావడం చాలా కష్టం. ఎలాగైనా ఇవ్వాలనే నిర్ణయించుకుంటే, మీ ఇద్దరి జీవితకాలం ఆ ఇంట్లో ఉండే హక్కును, అద్దె అనుభవించే హక్కును మీవద్దే ఉంచుకుని రాయండి. మీ పోషణ, వైద్యం చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ ఆ బదిలీ చెల్లదని ప్రకటించవచ్చు. కాని అటువంటి షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఆ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా అన్వయించాలని, ఆస్తిని తిరిగి స్వాధీనపరిచే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. అయినా నోటి మాట మీద వదిలేయకండి. షరతు రాయడానికి కొడుకు వెనకాడితే ఆ ఇల్లు మీ పేరనే ఉండనివ్వండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. అమ్మకు 77 ఏళ్లు, గ్రీన్ కార్డు మీద మాతోనే ఉంటోంది. ఇక్కడి అటార్నీ ఆమె చేత నా పేర డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించారు. విజయవాడలో అమ్మ పేర ఉన్న ఇల్లు దానితో అమ్మవచ్చా? అక్కడ మా బావగారు చూసుకుంటానన్నారు.

జవాబు: అక్కడి బ్యాంకుకు, ఆస్పత్రికి పనికొచ్చే ఆ కాగితాన్ని విజయవాడ ఇంటికి వాడాలని చూడవద్దు. మతి స్థిమితం తప్పినా పవరు కొనసాగుతుందన్న షరతు అక్కడ చెల్లినా, ఇక్కడి స్థిరాస్తి వ్యవహారంలో మన చట్టాన్నే చూస్తారు. పైన గుంటూరు పాఠకుడికి చెప్పిన చిక్కే మీకూ ఎదురవుతుంది. అమ్మగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఈ ఇంటికి మాత్రమే వర్తించేలా, బావగారి పేర స్పెషల్ పవర్ రాయించి, న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ అధికారి ఎదుట ఆమె సంతకం చేయాలి. ఆ కాగితం భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ చెల్లించాలి. కవరు మీద పోస్టు ముద్ర తేదీని రుజువుగా అడుగుతారు, కవరు పారేయవద్దని బావగారికి చెప్పండి.

పవరులో డోరు నంబరు, హద్దులు, ఇంత కంటే తక్కువకు అమ్మకూడదన్న కనిష్ఠ ధర రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతిఫలం మొత్తం అమ్మగారి ఎన్నార్వో ఖాతాలోకే (విదేశాల్లో ఉంటున్నవారికి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) నేరుగా రావాలని, ఏజెంటు నగదు పుచ్చుకోరాదని రాయండి. బావగారితో మాట వచ్చే అవకాశం సగానికి సగం అక్కడే తొలగిపోతుంది. అమ్మగారు ఎన్నారై కాబట్టి కొనేవారు అందుకు తగిన రేటున టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాలి. బేరం కుదరకముందే ఆడిటరును అడిగి ఆ మొత్తం తెలుసుకోండి. రిజిస్ట్రేషన్ రోజుకు అమ్మగారు జీవించి ఉండాలి. ఆమె మరణిస్తే పవరు ముగిసి, ఆస్తి వారసులకు చేరుతుంది.

ప్రశ్న: నాకు 79 సంవత్సరాలు. వరంగల్‌లో మూడు మడిగెలు (దుకాణాలు) ఉన్నాయి. నాలుగేళ్ల కింద మా చిన్నోడి పేర జీపీఏ రిజిస్ట్రేషన్ చేసిన. రెండేళ్ల నుంచి కిరాయిలు వాడే తీసుకుంటున్నడు, నాకు ఒక్క రూపాయి ఇస్తలేడు, ఫోన్ ఎత్తుతలేడు. జీపీఏ క్యాన్సిల్ చేయాలంటే వాడి సంతకం కావాలని అంటున్నరు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. మీరు రాసిన వివరాలను బట్టి ఆ మడిగెల మీద మీ అబ్బాయి డబ్బు పెట్టలేదు, వాటిలో అతనికి స్వంత ప్రయోజనం లేదు. కాబట్టి పవరు రద్దుకు అతని సంతకం అవసరం లేదు. పవర్ రిజిస్టరు చేసిన ఆఫీసులోనే రద్దు పత్రం రిజిస్టరు చేయించండి. ముందుగా ఆ మడిగెల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో కూడా చూడవచ్చు. ఈ నాలుగేళ్లలో అమ్మకంగాని, తనఖాగాని జరిగిందేమో తెలుస్తుంది.

రద్దు పత్రం రాసినంతలో పని పూర్తి కాదు. రద్దయిన సంగతి ఏజెంటుకు తెలిసే వరకు అతని విషయంలోనూ, బయటివారికి తెలిసే వరకు వారి విషయంలోనూ పవరు అమలులో ఉన్నట్లేనని కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల రద్దు పత్రం నకలును అబ్బాయికి, ముగ్గురు కిరాయిదారులకు, బ్యాంకుకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు వచ్చే రుజువులను దాచుకోండి. రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వండి. వచ్చే నెల నుంచి కిరాయి మీ ఖాతాలోనే వేయాలని కిరాయిదారులకు రాసే ఉత్తరంలోనే ఖాతా నంబరు ఇవ్వండి. అబ్బాయికి పంపే నోటీసులో రెండేళ్ల కిరాయిల లెక్క చెప్పమని గడువు పెట్టి అడగండి. చెప్పకపోతే లెక్కల కోసం, డబ్బు కోసం సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. వాడుకున్నది మోసపూరితంగానే అని తేలితే ఏజెంటు చేసిన నమ్మకద్రోహం క్రిమినల్ నేరం కూడా అవుతుంది. కన్నకొడుకు మీద ఆ ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోవలసిన విషయం. దానికోసం మిగతా పనులను మాత్రం ఆపవద్దు.

రోజు గడవడానికి ఇబ్బందిగా ఉంటే పోషణ భత్యం కోసం ఆర్డీవో వద్ద ట్రిబ్యునల్‌కు మీరే అర్జీ రాసి ఇవ్వవచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

రద్దు తర్వాత కూడా నెలకొకసారి ఈసీ చూసుకోండి. మీకు తెలియని దస్తావేజు ఏదైనా అందులో కనిపిస్తే వెంటనే దాని నకలు తీయించి, మీరు తీసిన తేదీతో సహా వకీలుకు ఇవ్వండి. దాన్ని రద్దు చేయమని వేసే దావాకు మూడేళ్ల గడువు, ఆ సంగతులు మీకు తెలిసిన నాటి నుంచి లెక్కకు వస్తుంది.